90 రోజుల లెక్క, ఊ కొట్టే అలవాటు

2025 ఆగస్టు 19, రాత్రి పదకొండు దాటింది. మా యూనివర్సిటీలో నాకు జూనియర్ అయిన ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. హలో కూడా అనకుండా "అక్కా, ఈ రోజుతో 71" అన్నాడు. అమెరికాలో ఎంఎస్ అయిపోయి ఓపీటీ (చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్లకు ఆ అంకె గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఉద్యోగం లేకుండా గడిచిన రోజులు 71. 90 దాటకూడదు కాబట్టి చేతిలో మిగిలినవి 19. ఫ్రిజ్ మీద అతికించిన క్యాలెండర్‌లో రోజూ నిద్రపోయే ముందు ఒక గడి కొట్టేస్తున్నానని చెప్పాడు. ఆ సాయంత్రమే ఉద్యోగాలు ఇప్పిస్తామనే ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చిందట. "మీ రెజ్యూమెలో నాలుగేళ్ల ఎక్స్‌పీరియెన్స్ మేం పెడతాం. ఇంటర్వ్యూ సంగతి మా మనిషి చూసుకుంటాడు. ఆఫర్ లెటర్ రేపే ఇస్తాం, మీ కౌంట్ ఆగిపోతుంది" అన్నారట.

"ఏం చేయమంటావు అక్కా?"

ఆ రాత్రి రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆ తర్వాత అలాంటి ఫోన్లు ఇంకొన్ని వచ్చాయి. ప్రతిసారీ నేను చెప్పేది దాదాపు అదే కాబట్టి, ఒకచోట రాసి పెడుతున్నాను. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉంటే, వాళ్లలో 97,556 మంది ఓపీటీ మీదే ఉన్నారు. అంటే దాదాపు లక్ష మంది ఒకే గడియారం కింద బతికారు. అందులో మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలు ఎంతమందో తెలియాలంటే ఆదివారం పూట డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏదో ఒక ఇండియన్ స్టోర్‌లో పది నిమిషాలు నిలబడితే చాలు.

లెక్క ఎక్కడ మొదలవుతుంది

చదువు పూర్తయ్యాక ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీదే 12 నెలలు తన చదువుకు సంబంధించిన పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి ఓపీటీ. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిసిన 60 రోజుల వరకు దరఖాస్తు చేసుకోవచ్చు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ) సిఫార్సు చేసిన 30 రోజుల్లో ఆ దరఖాస్తు ఇమ్మిగ్రేషన్ శాఖకు చేరాలి. ఇదంతా అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క గడి. "పని ఎప్పటి నుంచి మొదలుపెట్టాలనుకుంటున్నారు" అని దరఖాస్తులో అడుగుతారు. కోర్సు ముగిసిన తర్వాత 60 రోజుల లోపల ఏ తేదీ అయినా రాయొచ్చు. మనవాళ్లు ఆత్రంగా వీలైనంత ముందు తేదీ రాసేస్తారు.

ఉద్యోగం లేని రోజుల లెక్క ఈఏడీ అనే పని అనుమతి కార్డు మీద ఉన్న మొదటి తేదీ నుంచే నడుస్తుంది. శని, ఆదివారాలు కూడా కలుస్తాయి. మొత్తం 90 దాటకూడదు. మా వాడి కోర్సు మే 16న ముగిసింది. కార్డు జూన్ 10 నుంచి వచ్చింది. అదే జూలై 15 అని రాసి ఉంటే ఆ రాత్రి ఫ్రిజ్ మీద లెక్క 36 దగ్గర ఉండేది. అలాగని అందరూ చివరి తేదీ రాయమని నేను చెప్పను. చేతిలో ఆఫర్ ఉన్నవాళ్లు కార్డు తేదీ కంటే ముందు పనిలో చేరలేరు. ఆఫర్ లేనివాళ్లు మాత్రం ఆ గడి దగ్గర ఆగి ఆలోచించాలి.

ఇంకో సంగతి. ఓపీటీ తొలి 12 నెలల్లో చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే, కార్మిక చట్టాలకు లోబడి ఉన్నంతవరకు, జీతం లేకపోయినా అది ఉద్యోగం కిందే లెక్క. యూనివర్సిటీ ల్యాబ్ కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కావచ్చు. పని నిజంగా చేయాలి, చేసినట్టు ఉత్తరం ఉండాలి, 10 రోజుల లోపల పోర్టల్‌లో నమోదు చేయాలి. కౌంట్ ఆపడానికి కన్సల్టెన్సీవాళ్లు లేని ఉద్యోగాన్ని చూపిస్తామంటున్నారు. నిజంగా పని చేసి ఆపుకునే దారి చట్టంలోనే ఉంది. మా వాడు మర్నాడు పొద్దున్నే తన ప్రొఫెసర్‌కి మెయిల్ రాశాడు. వారం తిరిగేసరికి ఆయన ల్యాబ్‌లో డేటా శుభ్రం చేసే పనిలో కూర్చున్నాడు. లెక్క 77 దగ్గర నిలిచింది. నిలిచిందంటే నిలిచిందనే, మళ్లీ సున్నాకి రాదు.

స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) డిగ్రీ ఉన్నవాళ్లకు ఇంకో 24 నెలలు దొరుకుతాయి. అక్కడ జీతం లేని పని కుదరదు. కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో, ఉండాలి. ఏం నేర్పిస్తారు, ఎవరు చూసుకుంటారు అన్నది రాసి ఐ-983 అనే ఫారం మీద కంపెనీవాళ్లు సంతకం పెట్టాలి. ఉద్యోగం లేని రోజులు మరో 60 కలిసి మొత్తం 150 అవుతాయి.

ఆ తర్వాత హెచ్-1బీ, కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. రిజిస్ట్రేషన్ మార్చిలో, ఎంపిక లాటరీలో, పని అక్టోబరు 1 నుంచి. అందుకే మనవాళ్ల లెక్కలో మూడేళ్లంటే మూడు మార్చిలు. 2026 ఫిబ్రవరి నుంచి ఆ లాటరీలో జీతం స్థాయికి తూకం వచ్చింది. పై స్థాయి జీతం ఉన్నవాళ్ల పేరు ఎక్కువసార్లు పడుతుంది, మొదటి స్థాయివాళ్లది ఒక్కసారే. అంటే కొత్తగా చదువు ముగించిన పిల్లలకు దారి ఇంకా ఇరుకైంది. యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా ఉన్న పరిశోధన సంస్థలకు మాత్రం ఈ లాటరీతో పని లేదు. అలాంటి చోట జీతం తక్కువని కొట్టిపారేసేముందు ఈ సంగతి లెక్కేసుకోండి. 2025 సెప్టెంబరులో హెచ్-1బీ మీద వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి చాలా కంపెనీల హెచ్ఆర్‌లకే అయోమయం ఉంది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకు అది వర్తించదని అక్టోబరులో ఇమ్మిగ్రేషన్ శాఖ వివరణ ఇచ్చింది. ఇంటర్వ్యూలో ఆ ప్రస్తావన వస్తే ఈ మాట మర్యాదగా చెప్పగలగాలి.

ప్రతి దరఖాస్తులోనూ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. అమెరికాలో పని చేయడానికి చట్టప్రకారం అనుమతి ఉందా? ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ అవసరమా? ఓపీటీ మీద ఉన్నవాళ్ల జవాబు మొదటిదానికి అవును, రెండోదానికీ అవును. రెండోదానికి కాదని రాస్తే ఇంటర్వ్యూ వస్తుందని స్నేహితులు చెబుతారు. వస్తుంది కూడా. ఆఫర్ చేతికొచ్చే రోజున అదే అబద్ధం బయటపడుతుంది.

కన్సల్టెన్సీ దాకా ఎందుకు వెళ్తారు

కన్సల్టెన్సీకి వెళ్లే పిల్లలు సోమరులని, మోసగాళ్లని అనడం నాకు నచ్చదు. ఊళ్లో పొలం మీదో ఇంటి మీదో తెచ్చిన అప్పు, నెలనెలా వడ్డీ, ఫ్రిజ్ మీద క్యాలెండర్. ఈ మూడూ కలిసి నెట్టుకొస్తాయి. నేను కూడా చదువయ్యాక పదకొండు రోజులు ఒక కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో ఉన్నాను. మూడు బెడ్‌రూముల ఇంట్లో తొమ్మిది మంది అమ్మాయిలం. హాల్లో తెల్లబోర్డు మీద మా పేర్లు, పక్కన జావా, డాట్‌నెట్, క్యూఏ అని రాసి ఉండేవి. వంటింట్లో రైస్ కుక్కర్ పొద్దున్న ఆరింటికి మొదలైతే రాత్రి దాకా ఆగేది కాదు. పన్నెండో రోజు పొద్దున నా పేరుతో ఒక రెజ్యూమె చేతికిచ్చారు. నేను ఎన్నడూ అడుగుపెట్టని ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్టు అందులో ఉంది. అక్కడి మేనేజర్ పేరు, టీమ్‌లో ఎంతమంది, ప్రాజెక్టులో వచ్చిన ఇబ్బందులు, అన్నీ సాయంత్రానికి బట్టీ పట్టమన్నారు. ఆ కాగితం టేబుల్ మీద పెట్టి సూట్‌కేస్ సర్దుకున్నాను. ధైర్యం వల్ల కాదు, భయం వల్లే. ఆ భయం మంచిదని తర్వాత అర్థమైంది.

ఆ పద్ధతి ఎలా నడుస్తుందో తెలుసుకుంటే ప్రమాదం ఎక్కడుందో కనిపిస్తుంది. పైన అసలు పని ఉన్న క్లయింట్ ఉంటుంది. దాని కింద ప్రైమ్ వెండర్ అనే మధ్యవర్తి, కింద ఇంకో వెండర్, అందరికంటే కింద మనల్ని పేరోల్ మీద పెట్టుకున్న కంపెనీ. గంటకు ఇంత అని క్లయింట్ ఇచ్చే డబ్బులో ఒక్కో మెట్టు దగ్గర కొంత తెగుతుంది. క్లయింట్‌కి అనుభవం ఉన్నవాళ్లే కావాలి కాబట్టి అనుభవాన్ని తయారు చేస్తారు. హైదరాబాద్‌లో రాత్రిళ్లు కూర్చుని బెంచ్ సేల్స్ (ప్రాజెక్టు లేకుండా ఉన్నవాళ్లకు ప్రాజెక్టు వెతకడం) చేసే పిల్లలు మన రెజ్యూమెని వందల మందికి పంపిస్తారు. ఇందులో పొరపాటు ఎవరిదైనా పేరు మాత్రం మనది, సంతకం మనది.

ఎక్కడ పట్టుబడతారంటే, ఎక్కువగా తర్వాత. హెచ్-1బీ దరఖాస్తులోనో, ఇండియా వెళ్లి వీసా స్టాంపింగ్‌కి కూర్చున్నప్పుడో, గ్రీన్ కార్డు వేళకో. ఓపీటీలో ఎవరి దగ్గర పనిచేశావు, జీతం వివరాల కాగితాలు, అంటే పే స్టబ్‌లు చూపించు, ఐ-983 చూపించు అంటారు. మోసం చేశారని ఒకసారి నమోదైతే ఆ మచ్చ జీవితాంతం అమెరికాలో ప్రవేశానికి అడ్డుపడుతుంది. 2020 అక్టోబరులో, లేని కంపెనీల్లో ఓపీటీ ఉద్యోగం చూపించారని 15 మందిని అరెస్టు చేశారు. అంతకుముందు 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వ్యవహారం మన ఇళ్లల్లో చాలామందికి ఇప్పటికీ గుర్తుంటుంది. అమెరికా ప్రభుత్వమే ఉత్తుత్తి యూనివర్సిటీ నడిపింది, తొలి విడతలోనే 129 మంది భారతీయులు దొరికారు. అందులో తెలుగువాళ్లు చాలామంది.

అన్ని కన్సల్టెన్సీలూ ఒకటే అనడం కూడా తప్పే. నిజమైన ప్రాజెక్టు చూపించి, సమయానికి జీతం ఇచ్చేవి ఉన్నాయి. తేడా తెలియాలంటే నేరుగా అడగాలి. రెజ్యూమెలో నేను చేసిందే ఉంటుందా? ఇంటర్వ్యూ నేనే ఇస్తానా? ప్రాజెక్టు లేని నెలలో నా జీతం సంగతేంటి? ఐ-983 మీద సంతకం పెట్టే మనిషి నాకు రోజూ పని చెప్పే మనిషేనా? నా దగ్గర డబ్బు ఏ రూపంలోనైనా తీసుకుంటారా? వీటిలో ఒక్కదానికి నీళ్లు నమిలినా ఫోన్ పెట్టేయొచ్చు.

అడగడం, అడుక్కోవడం

మరి సరైన దారి ఏది? ఇక్కడే మన భాష మనకు అడ్డం వస్తుందని నేను నమ్ముతాను. మనకు అడగడానికి, అడుక్కోవడానికి మధ్య దూరం చాలా తక్కువ. తెలియని మనిషికి "మీ కంపెనీలో నాకు అవకాశం ఉందా" అని రాయడమంటే చెయ్యి చాచడంలా ఉంటుంది. అందుకే రాత్రంతా కూర్చుని మూడొందల దరఖాస్తులు పంపిస్తాం గానీ ఒక్క మనిషికి ఉత్తరం రాయం. అమెరికాలో రిఫరల్ మామూలు విషయం. తాము సిఫార్సు చేసిన మనిషి చేరితే చాలా కంపెనీలు ఆ ఉద్యోగికి బోనస్ కూడా ఇస్తాయి. కాబట్టి మనం అడిగేది దానం అనుకోనక్కర్లేదు.

అయితే అడిగే తీరు ఉంది. ముక్కూమొహం తెలియని వాళ్లకి మొదటి మెసేజ్‌లోనే రెజ్యూమె తగిలించి "ప్లీజ్ రిఫర్ మీ" అంటే జవాబు రాదు. మా వాడి చేత నేను రాయించినదాని సారం ఇది: "మీరు చదివిన డిపార్ట్‌మెంట్‌లోనే నేనూ చదివాను. మీ టీమ్ చేసే పనికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టు ఒకటి చేశాను. ఆ పనిలోకి మీరు ఎలా వచ్చారో తెలుసుకోవాలని ఉంది. వచ్చే వారం పదిహేను నిమిషాలు వీలవుతుందా?" ముప్పై మందికి రాశాడు. ఏడుగురు జవాబిచ్చారు. నలుగురు మాట్లాడారు. అందులో ఒకావిడ అతన్ని తన మేనేజర్‌కి పరిచయం చేసింది. ఆమె తెలుగు మనిషి కాదు, భారతీయురాలూ కాదు. ఒహాయోలో పుట్టి పెరిగింది.

ఇది చివరి నిమిషంలో మొదలుపెట్టే పని కాదు. ఎంఎస్ రెండేళ్లు అనుకుంటాం, ఉద్యోగం లెక్కలో అది చాలా చిన్నది. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద కంపెనీలు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే దరఖాస్తులు తెరుస్తాయి. అంటే మనం విమానం దిగి, సోషల్ సెక్యూరిటీ నంబరు ఎలా తెచ్చుకోవాలో, పప్పులు ఏ స్టోర్‌లో చౌకో వెతుక్కుంటున్న రోజుల్లో. ఆ నెలల్లో జరిగే కెరీర్ ఫెయిర్‌కి ఉద్యోగం రాకపోయినా వెళ్లాలి, అక్కడ మాట్లాడటం అలవాటవుతుంది. ఏడాది చదివాక సీపీటీ (చదువు సాగుతుండగానే పని చేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయొచ్చు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే మాత్రం ఓపీటీ పోతుంది, ఆ గీత గుర్తుంచుకోవాలి.

రెజ్యూమె ఒక పేజీ. మన బయోడేటా అలవాటు ప్రకారం తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి, ఫొటో పెడతారు కొందరు. ఇవేవీ అక్కర్లేదు. అంతకంటే కష్టమైనది ఇంటర్వ్యూలో "నేను" అనడం. "ఏదైనా సమస్యని మీరు పరిష్కరించిన సందర్భం చెప్పండి" అని అడుగుతారు. మన పిల్లలు "మేము చేశాం, మా టీమ్ చేసింది" అంటారు. సొంత డబ్బా కొట్టుకోకూడదని ఇంట్లో నేర్పారు కదా. ఎదుటివాళ్లకి మాత్రం ఈ మనిషి ఏం చేశాడో తెలియడం లేదనే అర్థమవుతుంది. పరిస్థితి ఏమిటి, నా వంతు పని ఏమిటి, నేనేం చేశాను, చివరికి ఏమైంది. ఈ వరసలో రెండు నిమిషాల్లో చెప్పే కథలు ఐదారు సిద్ధంగా ఉంటే చాలావరకు ఇంటర్వ్యూలు గట్టెక్కుతాయి.

ఊ కొట్టడం

ఉద్యోగం వచ్చాక టెన్షన్ తగ్గుతుందనుకుంటాం. నా మొదటి ఉద్యోగంలో రెండో వారం జరిగింది చెబుతాను. సోమవారం మేనేజర్ ఒక రిపోర్టు గురించి ఇరవై నిమిషాలు వివరించింది. నేను మొత్తం విన్నాను, మధ్యమధ్యలో తల ఊపాను, "యా, ఓకే, ఓకే" అన్నాను. మనం ఎదుటివాళ్లు చెబుతుంటే ఊ కొడతాం. వింటున్నాను, నువ్వు చెప్పు అనే కదా దాని అర్థం. ఆమె దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంది. అర్థమైంది, గురువారానికి చేస్తాను అని. నాకేమో డేటాబేస్ తెరుచుకునే అనుమతే రాలేదు. ఎవరిని అడగాలో తెలియదు. అడిగితే ఈ మాత్రం తెలియదా అనుకుంటారేమోనని మూడు రోజులు ఒక్కదాన్నే కుస్తీ పట్టాను. రోజూ పొద్దున స్టాండప్ మీటింగ్‌లో "వర్కింగ్ ఆన్ ఇట్" అన్నాను. గురువారం మధ్యాహ్నం ఆమె నా కుర్చీ దగ్గరికి వచ్చి స్క్రీన్ చూసింది. అనుమతి ఇప్పించడానికి ఆమెకు పట్టిన సమయం నాలుగు నిమిషాలు. కోప్పడలేదు. "సోమవారమే చెప్పి ఉంటే ఈపాటికి అయిపోయేది కదా" అంది. ఆ మాటలో ఉన్న నిరాశ నాకు తిట్టుకంటే గట్టిగా తగిలింది.

మన దగ్గర క్లాసులో ప్రశ్న అడిగితే మిగతావాళ్లు నవ్వుతారు. ఆఫీసులో పెద్దాయన చెప్పింది మళ్లీ చెప్పమంటే వినలేదనుకుంటారు. అమెరికాలో మౌనంగా ఉన్న మనిషిని చూసి పని సాగుతోందని నమ్ముతారు. ఆ నమ్మకం ఒకసారి పోతే తిరిగి రావడం కష్టం. నేను తర్వాత పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, పని చెప్పిన వెంటనే "నాకు అర్థమైంది ఇదీ" అని నా మాటల్లో తిరిగి చెప్పడం. గంట, గంటన్నర వెతికినా తేలకపోతే ఏమేం ప్రయత్నించానో రాసి అడగడం.

అమెరికన్లు ముక్కుసూటిగా మాట్లాడతారని మనం అనుకుంటాం. పని గురించి సూటిగానే మాట్లాడతారు. తప్పు చెప్పేటప్పుడు మాత్రం దూదిలో చుట్టి చెబుతారు. "బాగుంది, ఇంకోలా కూడా ఆలోచించొచ్చేమో" అన్నారంటే మార్చమనే. మనం పొగడ్త విని ఆనందపడి, రెండో సగం వదిలేస్తాం. ఇలా మూడు నెలలు వదిలేసిన ఒక స్నేహితురాలు ఒకరోజు పనితీరు మెరుగుపరచుకోమని కాగితం అందుకుని నిర్ఘాంతపోయింది. ఆమెకు ఎవరూ చెప్పలేదనుకుంది. వాళ్లేమో నాలుగుసార్లు చెప్పామనుకున్నారు. మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నింటిలో మామూలుగా కంపెనీ ఏ రోజైనా, కారణం చెప్పకుండానే ఉద్యోగం తీసేయొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ మాట బరువు ఎక్కువ. ఓపీటీలో అయితే ఆగిన లెక్క మళ్లీ మొదలవుతుంది. హెచ్-1బీలో అయితే 60 రోజుల దాకా గడువు. అందుకే వారానికో పదిహేను రోజులకో మేనేజర్‌తో ఉండే వన్-ఆన్-వన్ మీటింగ్‌ని వాయిదా వేయకండి. "నేను ఇప్పుడు మార్చుకోవాల్సింది ఒకటి చెప్పండి" అని మీరే అడగండి. అప్పుడు దూది తీసి చెబుతారు.

చిన్న విషయాలు త్వరగానే ఒంటబడతాయి. మేనేజర్‌ని పేరు పెట్టి పిలవడం మొదట్లో నోరు రాదు, నెలలో అలవాటైపోతుంది. ఒక్కటి మాత్రం మనవాళ్లకు గట్టిగా చెప్పాలి. టీమ్‌లో నలుగురు తెలుగువాళ్లుంటే లంచ్ దగ్గర తెలుగు దానంతటదే వస్తుంది. ఆ బల్ల దగ్గరే ఐదో మనిషి ఒంటరిగా ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. పరాయి దేశంలో తెలుగు వినడం ఎంత హాయో నాకు తెలుసు. ఆ మనిషి కూర్చున్నంతసేపూ అతనికి తెలిసిన భాషలో మాట్లాడదాం.

మొదటి పే స్టబ్ వచ్చినప్పుడు ఒక గీత చూసుకోండి. ఎఫ్-1 మీద వచ్చి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటనివాళ్లకు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను పడదు. రెండూ కలిపి 7.65 శాతం. పేరోల్‌వాళ్లు తెలియక కోసేయడం చాలా మామూలు. ఇది కూడా అడిగితేనే తిరిగొస్తుంది.

ఇంట్లోవాళ్ల గురించి ఒక మాట. మా వాడు 71 రోజులూ అమ్మకి "ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి" అని చెబుతూ వచ్చాడు. అన్నేసి ఇంటర్వ్యూలు జరగలేదు. ఆ రాత్రి ఫోన్ పెట్టేసే ముందు, రేపు అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. చెప్పాడు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత "ఇంకెన్ని రోజులున్నాయిరా" అని అడిగి, వాళ్ల నాన్న తర్వాత ఇల్లు నడిపిన చేత్తోనే ఆ అంకె కూడా క్యాలెండర్ మీద రాసుకుందట. అప్పటి నుంచి వాళ్లింట్లో రెండు క్యాలెండర్లు నడిచాయి, ఒకటి డాలస్‌లో ఫ్రిజ్ మీద, ఇంకోటి ఖమ్మంలో దేవుడి గూటి పక్కన. నవంబరు మొదటి వారంలో ఆ ఒహాయో ఆవిడ టీమ్‌లోనే చేరాడు. మూడో రోజు సాయంత్రం నాకు మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఇవాళ మీటింగ్‌లో ఒక ముక్క అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పారు."